‘ఈ గోళీ నాకు పడ్తలేదు సార్’
మూత్రపిండాల జబ్బు, రక్తపోటు మందుల ఇబ్బందులు: అఫ్జల్‌గంజ్‌లో చేసిన స్మారకోపన్యాస పాఠం



మా గురువుగారి పేరిట ఈ స్మారకోపన్యాసాన్ని నెలకొల్పిన ఆయన కుటుంబం నన్ను ఒకటే కోరింది: ‘డాక్టర్లకు మాత్రమే అర్థమయ్యేలా మాట్లాడకండి.’ గురువుగారు ఉన్నా ఆ మాటే అనేవారు. ఆయన ఓపీలో రోగిని ముందు సంచి విప్పమనేవారు. మందులన్నీ బల్లమీద పరిచాక ఒక్కో స్ట్రిప్పు చేతిలోకి తీసుకుని ‘ఇది వేసుకుంటున్నారా? వేసుకుంటే ఏమవుతోంది?’ అని అడిగేవారు. ఆ రెండో ప్రశ్నే ఇవాళ్టి నా విషయం.

కిడ్నీ జబ్బు ఉన్న మనిషి ‘ఈ గోళీ నాకు పడ్తలేదు సార్’ అన్నప్పుడు ఆ మాటకు ల్యాబ్ రిపోర్టుకు ఇచ్చేంత విలువ ఇవ్వాలి. ఎందుకంటే ఆ ఇబ్బంది మందువల్ల వచ్చిందా, జబ్బువల్ల వచ్చిందా, రెండూ కలిసి తెచ్చాయా అన్నది తేల్చడానికి మొదటి ఆధారం ఆ మాటే. అది చెప్పడం రోగి బాధ్యత. భయపడకుండా చెప్పేలా చూడటం మన బాధ్యత.

అఫ్జల్‌గంజ్ నేర్పిన పాఠం

మందుల దుష్ఫలితాల గురించి మాట్లాడటానికి ఈ పేటకంటే తగిన చోటు తక్కువ. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద వెలసిన ఈ గంజ్‌లో 1866లో ఆసుపత్రి వచ్చింది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద దాన్ని తుడిచిపెట్టింది. ఆ ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభైమంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని ఈ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. వరద తర్వాత ఏడో నిజాం కాలంలో విన్సెంట్ ఎష్ రూపకల్పనతో లేచినదే ఉస్మానియా ఆసుపత్రి.

వరదకు ముందున్న ఆ పాత ఆసుపత్రి కాలంలో సర్జన్ మేజర్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడ పనిచేశారు. అప్పట్లో శస్త్రచికిత్సకు క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు కొందరు రోగులు బల్లమీదే చనిపోయేవారు. మందు ముందు ఊపిరిని ఆపుతుందా, గుండెనా అన్నది ప్రపంచమంతటా వైద్యులను చీల్చిన ప్రశ్న. దాన్ని తేల్చడానికి నిజాం ప్రభుత్వ ధనసహాయంతో 1888లో ఒకటి, 1889లో మరొకటి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు ఏర్పడ్డాయి. రెండోదానికి ‘లాన్సెట్’ పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. రక్తనాళాల బిగువు తగ్గించే అమైల్ నైట్రైట్‌ను 1867లో గుండెనొప్పికి వాడి చూపిన వైద్యుడు ఆయనే.

వందలాది జంతువుల మీద పరీక్షలు చేశారు. ఊపిరే ముందు ఆగుతుంది, శ్వాసను గమనిస్తే చాలు, గుండెకు భయం లేదని కమిషన్ తేల్చింది. తన చేతుల మీదుగా వేలమందికి క్లోరోఫామ్ ఇచ్చిన లారీకి ఆ నిర్ణయం మీద సంపూర్ణ విశ్వాసం. అయినా గుండె హఠాత్తుగా ఆగి మనుషులు పోతున్నారన్న కబుర్లు ఇతర చోట్లనుంచి వస్తూనే ఉన్నాయి. 1911లో గుడ్‌మన్ లెవీ, క్లోరోఫామ్ పలుచగా ఇచ్చినప్పుడు గుండె లయ తప్పి నేరుగా ఆగిపోగలదని ప్రయోగాలతో చూపించారు. కబుర్లు నిజమని తేలింది.

ఒక మందు కీడు చేస్తోందా అన్న ప్రశ్నకు ఒక రాజ్యం తన ఖజానా తెరిచిన చోటు ఇది. ‘నా చేతిలో అలా జరగలేదు’ అన్న అనుభవం ఎంత గొప్పదైనా, ‘నాకు ఇలా అవుతోంది’ అన్న మాటను కొట్టిపారేయడానికి చాలదని కూడా ఈ చోటి కథే నేర్పింది.

మానకూడని మందు

కిడ్నీకీ రక్తపోటుకూ ఉన్న ముడి పాతది. జబ్బుపడిన కిడ్నీలున్న శవాల్లో గుండె కండరం మందమై ఉండటాన్ని రిచర్డ్ బ్రైట్ 1836లోనే గమనించారు. 1934లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్క కిడ్నీకి వెళ్లే ధమనిని కొంత నొక్కిపెడితే చాలు, ఒళ్లంతా రక్తపోటు పెరుగుతుందని చూపించారు. గుండె పంపే రక్తంలో అయిదో వంతు కిడ్నీలకే వెళుతుంది. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం అక్కడ వడపోతవుతుంది. వడపోత పాడైతే ఉప్పూ నీరూ నిలిచి పోటు పెరుగుతుంది. పెరిగిన పోటు మిగిలిన వడపోతను పాడుచేస్తుంది. ఈ చక్రాన్ని ఆపేది మందే.

పోటు ఎంతకు దించాలి? 2015లో వెలువడిన స్ప్రింట్ పరిశోధనలో 9,361 మంది పాల్గొన్నారు. వారిలో నాలుగోవంతుకు పైగా కిడ్నీ జబ్బున్నవాళ్లు. పైసంఖ్యను 120 లోపుకు దించాలని చూసిన వర్గంలో మరణాలూ గుండెజబ్బులూ తగ్గాయి. అదే వర్గంలో పోటు మరీ పడిపోవడం, స్పృహ తప్పడం, కిడ్నీ పని హఠాత్తుగా మందగించడం ఎక్కువగా కనిపించాయి. మేలూ ఇబ్బందీ ఒకే మెట్టు మీద ఉన్నాయి. కాబట్టి ఒక్కో రోగికి ఆ మెట్టు ఎక్కడుందో అతనితో మాట్లాడి తేల్చుకోవాలి.

కిడ్నీ రోగికి ఈ మందుల భారం మరీ ఎక్కువ. మామూలు మనిషికి ఒక గోళీతో ఆగే పోటు ఇతనికి మూడు నాలుగిటికి గాని లొంగదు. అటెనొలాల్ లాంటివి కిడ్నీ ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీ నెమ్మదిస్తే అదే మోతాదు ఒంట్లో పేరుకుంటుంది.

బస్సెక్కిన రోజు

మన ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది మహబూబ్‌నగర్, నల్లగొండ, మెదక్ వైపునుంచి తెల్లవారుజామున బస్సెక్కి, ఇమ్లీబన్ బస్టాండులో దిగి ఇటు వస్తారు. ఫ్యూరోసెమైడ్ లాంటి నీటి గోళీ వేసుకుంటే రెండు మూడు గంటలపాటు పదేపదే మూత్రానికి వెళ్లాలి. బస్సులో ఆడవాళ్ల అవస్థ చెప్పనక్కర్లేదు. అందుకని దవాఖానకు వచ్చే రోజున నీటి గోళీ మానేస్తారు. పరగడుపు రక్తపరీక్ష ఉందని మిగతా గోళీలూ మానేస్తారు. లైన్లో రెండు గంటలు నిలబడతారు. అప్పుడు మనం పట్టీ కట్టి చూస్తే 180. ‘మందు చాలడం లేదు’ అని మోతాదు పెంచి పంపిస్తాం.

అలా వచ్చిన ఒకామె ఇంటికి వెళ్లాక పాతవీ కొత్తవీ అన్నీ శ్రద్ధగా వేసుకుంటుంది. మూడోనాడు పొద్దున మంచం దిగబోయి కండ్లు తిరిగి పడిపోతుంది. తుంటి ఎముక విరగవచ్చు. పోటు మరీ పడి కిడ్నీకి రక్తం తగ్గి క్రియాటినిన్ పెరగవచ్చు. ఇందులో తప్పు మందుది కాదు, రోగిది కాదు. ‘ఇవాళ పొద్దున ఏవి వేసుకున్నారు?’ అన్న ఒక్క ప్రశ్న అడగకపోవడంవల్ల జరిగింది. నీటి గోళీని ఆ రోజుకు ఓపీ అయ్యాకో, ఇల్లు చేరాకో వేసుకోవచ్చా అని ఆమె అడగగలిగితే చాలాసార్లు ‘వేసుకోవచ్చు’ అనే చెబుతాం.

రోగులు చెప్పే మాటలు, వాటి వెనుక సంగతులు

‘కాళ్లు ఉబ్బినయ్ సార్, నీరు దిగింది.’ కిడ్నీ రోగి ఈ మాట అనగానే ఇంట్లోవాళ్లు జబ్బు ముదిరిందని బెంబేలెత్తుతారు. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ వేసుకునేవారిలో, 10 మిల్లీగ్రాముల మోతాదులో మరీ ఎక్కువగా, చీలమండల దగ్గర వాపు రావచ్చు. ఈ మందు సన్న ధమనులను వదులు చేస్తుంది, సిరలను అంతగా చేయదు. దాంతో రక్తంలోని నీరు చుట్టుపక్కల కణజాలంలోకి ఊరుతుంది. ఒంట్లో నీరు పెరగడం దీనికి కారణం కాదు కాబట్టి నీటి గోళీతో సరిగా తగ్గదు. తగ్గలేదని నీటి గోళీ పెంచితే కండరాలు పట్టేయడం, సోడియం పడిపోవడం మొదలవుతాయి. మోతాదు తగ్గించడమో, టెల్మిసార్టాన్ వంటిదానితో జతచేయడమో దీనికి దారి. పొద్దున్నే ముఖం ఉబ్బడం, మూత్రం నురగ రావడం, బరువు పెరగడం, పడుకుంటే ఆయాసం ఉంటే మాత్రం అది కిడ్నీ నీరో గుండె నీరో అయి ఉంటుంది, ఆలస్యం చేయకూడదు. వాపు ఎప్పుడు, ఏ మందు మొదలుపెట్టాక వచ్చిందో రోగి చెప్పగలిగితే సగం నిర్ణయం అయిపోయినట్టే.

‘రాత్రంతా పొడిదగ్గు.’ ఎనలాప్రిల్, రామిప్రిల్ వేసుకునే పదిమందిలో ఒకరికి అటూఇటూగా ఇది వస్తుంది. బ్రాడికైనిన్ అనే పదార్థం విరగకుండా నిలిచిపోవడం దీనికి కారణం. మొదలుపెట్టిన వారాలకో నెలలకో వస్తుంది కాబట్టి మందుమీదికి అనుమానం మళ్లదు. సిరప్‌లు తాగుతారు, ఎక్స్‌రేలు తీయించుకుంటారు. మందు మార్చితే సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గుతుంది; లోసార్టాన్, టెల్మిసార్టాన్ వర్గంలో ఇది అరుదు. కానీ ఎనలాప్రిల్, రామిప్రిల్ వేసుకునేవారికి పెదవులు, నాలుక, గొంతు ఉబ్బితే క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి రావాలి, ఆ మందు మళ్లీ ముట్టకూడదు.

‘క్రియాటినిన్ పెరిగింది, ఆ గోళీవల్లే అన్నారు.’ ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వర్గాలు వడపోత గుచ్ఛం నుంచి రక్తం బయటికి వెళ్లే దారిని వదులు చేసి లోపలి ఒత్తిడి తగ్గిస్తాయి. మొదటి వారాల్లో క్రియాటినిన్ కొంచెం పెరగడం ఆ పని జరుగుతోందనడానికి గుర్తు. నాలుగు వారాల్లో పెరుగుదల 30 శాతం దాటకపోతే సాధారణంగా మందు కొనసాగిస్తాం; ఎందుకంటే మూత్రంలో ప్రొటీన్ పోవడాన్ని తగ్గించి, ఏళ్ల తరబడి కిడ్నీని కాపాడేది ఇదే. దాటితే కారణం వెతకాలి. మొదలుపెట్టినప్పుడూ పెంచినప్పుడూ రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడటం తప్పనిసరి. పొటాషియం 5.5 దాటితే ఆహారం, మందులు రెండూ సరిచూడాలి. కాళ్లు చచ్చుబడినట్టు ఉండటం, గుండె అదరడం దానికి ఆలస్యంగా వచ్చే గుర్తులు. చాలామందిలో ఏ గుర్తూ ఉండదు. అందుకే పరీక్ష.

‘లేవంగనే కండ్లు తిరుగుతున్నయ్.’ ప్రాజోసిన్ మొదటి మోతాదు పడుకునేముందు వేసుకోమని చెప్పేది ఇందుకే. కూర్చున్నప్పుడు చూసిన పోటు నిలబడ్డ మూడు నిమిషాల్లో పైసంఖ్య 20 గానీ, కిందసంఖ్య 10 గానీ పడిపోతే ఆ మనిషికి మోతాదు మార్చాలి. మంచం అంచున కాసేపు కూర్చుని లేవడం, రాత్రి బాత్రూంకు వెళ్లేటప్పుడు దీపం వేసుకోవడం చిన్న జాగ్రత్తలే, ఎముకలు కాపాడతాయి. డయాలిసిస్ చేయించుకునేవారు ఆ పూట ఏ గోళీ ముందు, ఏది తర్వాత అన్నది డయాలిసిస్ డాక్టరుతో రాయించుకోవాలి.

‘నోరు ఎండుతోంది, నిద్ర ముంచుకొస్తోంది’ అనేది క్లోనిడిన్‌తో వచ్చే బాధ. దీన్ని ఒక్కసారిగా మానితే పోటు మునుపటికంటే పైకి దూకుతుంది. మెటొప్రొలాల్ లాంటివి కూడా హఠాత్తుగా ఆపకూడదు. ఇన్సులిన్ తీసుకునేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: మెటొప్రొలాల్ వర్గం షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడను కప్పేస్తుంది, చెమట మాత్రం మిగులుతుంది.

ఎవరూ నోరు తెరిచి చెప్పని బాధ ఇంకొకటి ఉంది. కొన్ని నీటి గోళీలు, మెటొప్రొలాల్ వర్గపు బీటా బ్లాకర్లు మగవారిలో దాంపత్య సామర్థ్యాన్ని తగ్గించవచ్చు. స్పైరనొలాక్టోన్‌తో రొమ్ములు నొప్పెట్టవచ్చు. సిగ్గుతో చెప్పరు, గోళీ మాత్రం చెత్తబుట్టలో పడేస్తారు. కిడ్నీ జబ్బు, షుగర్ కూడా అదే ఇబ్బంది తెస్తాయి కాబట్టి విచారించాల్సిన విషయమే ఇది. డాక్టరే మర్యాదగా అడగాలి. బిడ్డను కనాలనుకునే ఆడపిల్లలు మరో సంగతి ముందుగా చెప్పాలి: ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వర్గాలు గర్భంలోని శిశువుకు హాని చేస్తాయి. వాటికి బదులు లాబెటలాల్, మిథైల్‌డోపా, నిఫెడిపిన్ ఉన్నాయి.

ఇంట్లోనూ బజారులోనూ ఉన్న కారణాలు

దవాఖాన ఎదుటి మందుల దుకాణాల్లో చీటీ లేకుండా దొరికే నొప్పి గోళీలు, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి, కిడ్నీ రోగికి పెద్ద గండం. టెల్మిసార్టాన్, నీటి గోళీ, నొప్పి గోళీ మూడూ ఒంట్లో కలిస్తే కిడ్నీ వడపోతను నిలబెట్టే ఆసరాలన్నీ ఒకేసారి తప్పిపోయి, కిడ్నీ పని హఠాత్తుగా మందగించవచ్చు. జలుబు గోళీల్లోని ఫినైలెఫ్రిన్ పోటును పెంచుతుంది. ఎండ సంగతీ మరవకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్లో ఎండలో చెమటోడ్చే మనుషులను కమ్మేసిన కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. అక్కడ చాలామందికి తొలిదశల్లో పోటు పెద్దగా ఉండదు. ఎండలో నీరు కోల్పోయే ఒంటికి పోటు మందు ఎంత ఇవ్వాలన్నది మరింత ఆచితూచి తేల్చాల్సిన విషయం.

నీరసంగా ఉందని కోఠి దారిలో బత్తాయి రసమో, కొబ్బరిబోండామో తాగడం మనకు అలవాటు. గ్లాసెడు కొబ్బరినీళ్లలో సుమారు 500 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టాన్, స్పైరనొలాక్టోన్ వేసుకునే కిడ్నీ రోగికి అది ఔషధం కాదు. ‘తక్కువ సోడియం ఉప్పు’ పేరుతో అమ్మేదాంట్లో సోడియంలో కొంత భాగానికి బదులు పొటాషియం ఉంటుంది. అది మరీ ప్రమాదం. ఉప్పే తగ్గించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాములు, ఒక చెంచాకు మించకూడదు. ఆవకాయ, అప్పడం, చాయ్‌లో ముంచుకునే ఉస్మానియా బిస్కెట్ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఉప్పు తగ్గితే గోళీల సంఖ్య తగ్గుతుంది, గోళీలు తగ్గితే ఇబ్బందులు తగ్గుతాయి. దుష్ఫలితాలకు ఇంతకంటే చవకైన మందు లేదు.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల సంగతి ముందే మాట్లాడుకోవాలి. తిండీ నీళ్లూ నిలవనప్పుడు టెల్మిసార్టాన్ వర్గం, నీటి గోళీలు, డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ తాత్కాలికంగా ఆపి, మామూలుగా తినడం తాగడం మొదలై ఒకటి రెండు రోజులయ్యాక మళ్లీ మొదలుపెట్టమని చాలామందికి చెబుతాం. ఏవి ఆపాలో మీ డాక్టరు చేత చీటీమీద రాయించుకోండి. నయాపూల్ వంతెన అవతల ఉండి రంజాన్ ఉపవాసాలు చేసే మన రోగులు ఆ నెల రాకముందే ఒకసారి రావాలి. ఉపవాసం ఉండవచ్చా, ఉంటే ఏ గోళీ సహరీకి, ఏది ఇఫ్తార్‌కు అన్నది కూర్చుని తేల్చుకోవచ్చు. శివరాత్రి, ఏకాదశి ఉపవాసాలకూ ఇదే వర్తిస్తుంది.

మనం చేయగలిగింది

వైద్యులకు నాలుగు విన్నపాలు. ఒకటి, పోటు చూసేముందు ‘ఈ నెల ఏ మందు మానేశారు, ఎందుకు?’ అని నింద లేని గొంతుతో అడగండి. జవాబు చీటీమీద రాయండి. రెండు, పెద్దవాళ్లకూ, నీటి గోళీ, ప్రాజోసిన్ వాడేవాళ్లకూ నిలబెట్టి కూడా పోటు చూడండి. మూడు, రెండో వారం రక్తపరీక్షకు మళ్లీ ఇంతదూరం రప్పించకండి. 2018 నుంచి బస్తీ దవాఖానాలు, తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ఉన్నాయి, వాటికి రాసివ్వండి. నాలుగు, కొత్త లక్షణానికి కొత్త మందు రాసేముందు, పాత మందే దానికి కారణమా అని ఆలోచించండి.

రోగులకు మూడు. మందులన్నీ, ఆయుర్వేదం, హోమియో, నొప్పి గోళీలతో సహా, సంచిలో వేసుకుని రండి. ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, గోళీ వేసుకున్న ఎంతసేపటికి, లేచినప్పుడా పడుకున్నప్పుడా అన్నది ఇంట్లో చదువుకున్న పిల్లల చేత ఒక కాగితంమీద రాయించండి. గోళీ పడకపోతే మీ అంతట మానకుండా ఫోన్ చేయండి, మార్పించుకోండి. ఫార్మసిస్టులూ ఇందులో భాగస్వాములే. మందువల్ల కలిగిన ఇబ్బందిని ఎవరైనా నమోదు చేయించడానికి దేశంలో 2010లో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. ఉచిత నంబరు 1800-180-3024. రోగి కూడా చేయవచ్చు. ఆ నమోదులన్నీ ఒకచోట చేరినప్పుడే ఒక్క ఓపీలో కనిపించని ప్రమాదం దేశానికి కనిపిస్తుంది.

చివరగా, సరైన మందే లేని కాలాన్ని ఒకసారి గుర్తుచేసుకుందాం. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అదుపు తప్పిన రక్తపోటుతో మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయారు. ఆయనకు ఇవ్వడానికి అప్పటి వైద్యులదగ్గర సరైన మందు లేదు. నాలుగేళ్లకు బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ సర్పగంధితో పోటు తగ్గుతుందని ప్రపంచానికి చాటారు. దాన్నుంచి తీసిన రిసర్పిన్ కొందరిని తీవ్రమైన దిగులులోకి నెట్టింది. పాము విషం మీద జరిగిన పరిశోధన నుంచి పుట్టిన కాప్టోప్రిల్ 1981లో వచ్చింది, దగ్గుతో సహా. లోసార్టాన్ 1995లో వచ్చింది, ఆ దగ్గు చాలావరకు లేకుండా. ఇవాళ జిల్లా ఆసుపత్రిలోనూ నాలుగైదు వర్గాల మందులున్నాయి. ఒకటి పడకపోతే మరొకటి ఇవ్వగల స్థితిలో ఉన్నాం. ఇన్ని దారులు తెరుచుకున్నాక ఒక మనిషి ఇబ్బంది చెప్పుకోలేక, మౌనంగా మందు మానేసి డయాలిసిస్ బల్లమీదికి చేరడాన్ని మనం ఒప్పుకోకూడదు. రేపటి ఓపీలో ప్రతి రోగినీ గురువుగారి ఆ రెండో ప్రశ్న అడగండి: ‘వేసుకుంటే ఏమవుతోంది?’ రోగులారా, మిమ్మల్ని ఎవరూ అడగకపోయినా చెప్పండి. మీరు మళ్లీ మళ్లీ చెప్పినా వినడం మా ఉద్యోగం.